సీటు స్ప్రింగుల్లో కాగితం

మా మేనత్త హెడ్విగ్ కొసీబా ఎవర్నీ నమ్మేది కాదు. మాంసం కొట్టులో కిల్బాసా సాసేజీలు తూచేటప్పుడు కొట్టువాడి బొటనవేలు తక్కెడ మీద ఉందేమోనని వంగి మరీ చూసేది. చర్చిలో లాటరీ తీస్తే, ఫాదరు గారిని చొక్కా చేతులు పైకి మడిచి చూపించమనేది. నా పెళ్ళికి గడియారం కానుకిచ్చి, మర్నాడే ఫోను చేసి "ఇంకా నీ చేతికే ఉందా, మీ ఆవిడ అమ్ముకుందా?" అని అడిగిన మనిషి. కార్ల ప్లాంట్లుండే మా ఊరు హామ్‌ట్రమిక్‌లో మా వీధి వీధంతా ఆవిడకి భయపడేది. నాకు యాభై ఏళ్ళొచ్చి, సిటీ బస్సు తోలుతూ నలుగురి మీదా అరిచే అధికారం సంపాదించాక కూడా, ఆవిడ "ఒరే రేమండూ" అంటే చాలు, ఏం తప్పు చేశానా అని వెతుక్కునేవాణ్ణి.

మొగుడు లియో గుండెపోటుతో పోయేనాటికి అత్తకి ఇరవై ఎనిమిదేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. కోనాంట్ వీధి చివర కెస్ట్రెల్ కార్లు చేసే ప్లాంటులో చేరింది. ఇప్పుడు ఆ పేరు చెబితే మగాళ్ళు గుండె మీద చెయ్యేసుకుంటారు గానీ, అప్పట్లో అది మా ఇళ్ళల్లో అన్నం పెట్టే కారు, అంతే. అరవై నాలుగులో పాంటియాక్ వాళ్ళు మధ్యరకం బండిలో పెద్ద బండి ఇంజను దించి జీటీవో అని అమ్మి కుర్రాళ్ళకి పిచ్చెక్కించారు. ఇక ఊళ్ళో ప్రతి కంపెనీదీ అదే వరస. మా వాళ్ళూ కెస్ట్రెల్‌లో ఎనిమిది సిలిండర్ల రాక్షసిని దించి, తోక మీద 'ఆర్' అని ఒక అక్షరం అంటించారు. వేసవి సాయంత్రాలు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఒక సిగ్నల్ లైటు నుంచి ఇంకో లైటు దాకా పందేలు, రోడ్డు పొడుగునా కాలిన టైరు కంపు. ఆ సంబడం పదేళ్ళు కూడా నిలవలేదు. కుర్రాడి చేతిలో పెద్ద ఇంజను అంటే ఇన్సూరెన్సు వాళ్ళు రేటు పెంచేశారు. డెబ్బై మూడులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాం. ఎనభైలో ప్లాంటే మూసేశారు.

'ఆర్' కార్లు చాలామటుకు తుప్పుపట్టి తుక్కులోకి పోయాయి. మిగిలిన కొద్దింటికీ తర్వాత తర్వాత బంగారం ధర పలికింది. ధర వస్తే దొంగలు రాకుండా ఉంటారా? ఆరు సిలిండర్ల మామూలు బండికి పెద్ద ఇంజను తగిలించి, దాని మీద కారు నంబరే కొత్తగా కొట్టి, అక్షరం అంటించి అమ్మడం మొదలుపెట్టారు. ఇంజను మీద నంబరు కొట్టడం ఒక మధ్యాహ్నం పని. అసలేదో నకలేదో తేల్చేది ఒకటే, సీటు స్ప్రింగుల్లో దొరికే కాగితం.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ప్లాంటులో కదిలే లైను మీద వచ్చే ప్రతి కారుకీ ఒక కాగితం అచ్చయ్యేది. ఏ ఇంజను, ఏ రంగు, ఏ సీటు, రేడియో ఉందా లేదా, అన్నీ అందులో ఉండేవి. కారు నంబరు మాత్రం ఉండేది కాదు, లైను మీద వరస నంబరే. సీట్ల దగ్గర అత్త పని. కాగితం చదివి, దానికి తగ్గ సీటు తెప్పించి, సరిచూశానని మూలన పసుపు మైనం పెన్సిలుతో టిక్కు పెట్టేది. ఆ పైన కాగితంతో ఎవరికీ పని లేదు. చెత్తడబ్బా ఇరవై అడుగుల దూరం. లైను ఆగదు. కాబట్టి సీటు అడుగున స్ప్రింగుల్లోకి తోసేసేది. చెత్త పారేసే ఓపిక లేక తోసిన కాగితాన్ని, ముప్పై ఏళ్ళ తర్వాత పెద్దమనుషులు చేతికి తొడుగులేసుకుని పటకారుతో బయటికి తీసి అద్దాల ఫ్రేములో పెట్టుకుంటున్నారు! నేను నవ్వితే అత్తకి కోపం వచ్చేది.

కెస్ట్రెల్ ఓనర్ల సంఘం వాళ్ళు ఎలా పసిగట్టారో గానీ ఆ పసుపు టిక్కు ఎవరిదో పసిగట్టి, తొంభై ఒకటిలో అత్త ఇంటికొచ్చారు. అప్పట్నుంచీ ఆవిడ మాటే తీర్పు. చేతి అద్దం, టార్చిలైటు, ఫ్రిజ్జు మీంచి పీకిన అయస్కాంతం, ఇవీ ఆవిడ ఆయుధాలు. డ్రైవరు నేను. ఎంత ఖరీదైన బండయినా ఆవిడ మొదట అనే మాట "దొంగబండి". అక్కణ్ణుంచి అది అసలుదని రుజువు చేసుకోవడం ఓనరు పని. "కాగితాన్ని నమ్మండి, మనిషిని నమ్మకండి" అని సంఘం కుర్రకారుకి ఆవిడే నూరిపోసింది. వాళ్ళు అది రూల్సు పుస్తకంలో మొదటి పేజీ మీద అచ్చేసుకున్నారు.

ఆవిడ మొట్టమొదట ఒప్పుకున్న కారు ప్రెంటిస్‌ది. మాకు దగ్గర్లోనే డబ్బున్నవాళ్ళ ఊరు బర్మింగ్‌హామ్‌లో పళ్ళ డాక్టరు. పాపం మంచివాడే. ఒక పాత కొట్టంలో ఇంజను కూడా లేని తుప్పు డొక్కు కొన్నాడు, సీట్లో 'ఆర్' కాగితం దొరికింది. ఆ కాగితంలో ఏముంటే అది, అక్షరం తప్పకుండా, ఆరేళ్ళు కూర్చుని కట్టుకున్నాడు. నారింజ రంగు, ముందు పొడుగాటి ఒంటి సీటు, రేడియో లేదు, కార్పెట్ బదులు రబ్బరు చాప. అత్తని కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మేడమ్, మీరు చూస్తేనే ఇది కారు" అన్నాడు. ఆవిడని మేడమ్ అన్న మొదటి మనిషి అతనే. కాగితం అందుకుని టిక్కు చూసి, ఒక్క క్షణం ఆగి, "అసలుదే" అంది. ఆ ఒక్క క్షణం నాకు బాగా గుర్తు.

రెండువేల తొమ్మిది ఆగస్టులో ఎల్బర్ట్ టిన్‌స్లీ ఫోను చేశాడు. మా పక్క ఊరు హైలాండ్ పార్క్ మనిషి. ప్లాంటులో అత్త పక్కనే, ఆవిడ పంపిన సీట్లకి బోల్టులు బిగించేవాడు. పద్నాలుగేళ్ళు రెండడుగుల దూరంలో పనిచేశారు. అయినా అత్త అతన్ని ఏనాడూ నమ్మలేదు. తన టిఫిను డబ్బాకి తాళం వేసుకునేది. అతను నల్లవాడు కావడం ఆ తాళంలో సగం. అరవై ఏడులో నల్లవాళ్ళకీ పోలీసులకీ గొడవలై వీధులు తగలబడ్డాక మా వీధిలో చాలామందికి ఆ జబ్బు ఉండేది, అత్తకి కాస్త ఎక్కువే. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, చెప్పకపోతే ఇంకా సిగ్గు.

ఎల్బర్ట్‌కి ఒక 'ఆర్' ఉంది. డెబ్బైలో ఆర్డరిచ్చి కొనుక్కున్నాడు, ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. అమ్మిన షాపు ఎప్పుడో మూతపడింది, బిల్లు బేస్‌మెంటులో వరదనీళ్ళకి ముద్దయింది. సంఘం వాళ్ళు కాగితం ఉంటేనే అసలు కార్ల జాబితాలో వేస్తామన్నారు. నలభై ఏళ్ళలో మొదటిసారి సీటు విప్పితే కాగితం దొరికింది. తీరా చూస్తే అది ఆరు సిలిండర్ల గోధుమరంగు బండి కాగితం! అదే పట్టుకెళ్ళి వాళ్ళకి చూపించాడు. ఇంకేం, నకిలీ బండి అన్నారు. శనివారం ఎల్బర్ట్ వాళ్ళ చర్చి స్థలంలో కార్ల ప్రదర్శన, ఆ రోజే జాబితా ఖరారు.

"ఒక్కసారి వచ్చి చూడు హెడీ," అన్నాడట ఫోనులో. "డెబ్బై ఆరేళ్ళు నాకు. నా చర్చిలో, నా మనవల ముందు, ఇన్నేళ్ళూ అబద్ధమాడానని అనిపించుకుని పోలేను."

"చూస్తా గానీ, లేనిది ఉందని చెప్పను," అంది అత్త.

గురువారం పొద్దున్నే వెళ్ళాం. దారిలో నేను, "దొంగైతే ఆ కాగితం చింపి పారేసేవాడు కదత్తా, తనే పట్టుకెళ్ళి ఎందుకు చూపిస్తాడు?" అన్నాను.

"మామూలు దొంగ చింపుతాడు. తెలివైన దొంగ చూపిస్తాడు. నువ్వు రోడ్డు చూసి నడుపు."

ఎల్బర్ట్ గ్యారేజీ తలుపెత్తి పట్టుకుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, కర్ర పట్టుకున్నాడు. లోపల నారింజ రంగు కెస్ట్రెల్. అత్త పలకరింపు కూడా లేకుండా అద్దం తీసి కారు కిందకి పెట్టింది. తలుపు అంచుల్లో చూసింది, డిక్కీ మూలల్లో చూసింది, పుట్టీతో పూడ్చిన చోటు ఉందేమోనని అయస్కాంతం పెట్టుకుంటూ చుట్టూ తిరిగింది. ఇంజను మీద నంబరు కారు నంబరుతో సరిపోయింది. అతుకులు ప్లాంటువే. దాగిన చోట కూడా రంగు నారింజే, కింద ఇంకో రంగు లేదు. ఒక్కొక్కటీ సరిపోతున్నకొద్దీ ఆవిడ మొహం గంటుపెట్టుకుంటోంది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయంటే, చేసినవాడు బాగా చదువుకుని చేశాడన్నమాట," అంది.

"చేసినవాళ్ళం మనమే కదమ్మా," అన్నాడు ఎల్బర్ట్.

"వేషాలెయ్యకు. కాగితం ఏదీ?"

ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు. అత్త కళ్ళజోడు మార్చుకుంది. "గోధుమరంగు. ఆరు సిలిండర్లు. ఇంకేం చూడాలి?" అని కవరు వెనక్కి ఇవ్వబోయి ఆగింది. మూలనున్న పసుపు టిక్కుని వెలుతురులోకి పట్టి చూసింది. ఆవిడ టిక్కు కుడివైపుకి తోక లేపుకుని ఉంటుంది. ఇది ఎడమవైపుకి వాలి, వణికి, సగంలో విరిగినట్టుంది.

"ఇది నా టిక్కు కాదు! ఎల్బర్టూ, కాగితం కూడా దొంగదే పెట్టావా? నా టిక్కు నాకే అమ్ముతావా?" అని గ్యారేజీ దద్దరిల్లేలా అరిచింది.

ఎల్బర్ట్ కోపం తెచ్చుకోలేదు. నావైపు ఒకసారి చూసి, "అబ్బాయిని బయటికి పంపనా?" అన్నాడు.

"వాడెందుకు? వాడు సాక్షి. చెప్పు."

"పోంచ్కీల మంగళవారం హెడీ. డెబ్బై, ఫిబ్రవరి."

నాకూ గుర్తొచ్చింది. లెంట్ ఉపవాసాలకి ముందు మంగళవారం పోంచ్కీలనే జామ్ బూరెలు కొనడానికి హామ్‌ట్రమిక్ అంతా బేకరీల ముందు బారులు కడుతుంది. ఆ ఏడు అత్త రెండు డజన్ల డబ్బాతో మంచు మీద జారి, మా గుమ్మం ముందే పడింది. పోంచ్కీలన్నీ మంచులో దొర్లితే నేనూ మా చెల్లీ ఏరుకు తిన్నాం. నాకు పదేళ్ళు. చెయ్యి బెణికిందని చెప్పింది.

"బెణకలేదు, విరిగింది," అన్నాడు ఎల్బర్ట్. "కుడి మణికట్టు. మర్నాడు గ్లవ్సు లోపల కట్టు కట్టుకుని వచ్చావు. ఆ వారమంతా ఎడం చేత్తో రాశావు. ఒక కాగితం తోసేలోపు తర్వాతి సీటు వచ్చేస్తుంటే, ముందు కారు కాగితం వెనక కారు సీట్లోకి పోయేది. నేను చూస్తూనే ఉన్నా. ఆ సీట్లు బిగించింది నేనే."

"నీకు తెలుసా?"

"రెండడుగుల దూరంలో ఉన్నా, నాకెందుకు తెలీదు?"

అత్త కారు బంపరు పట్టుకుని నిలబడింది. విరిగిందని ఫోర్‌మన్‌కి తెలిస్తే ఆవిడని ఇంటికి పంపేసి, సీట్ల పని తన బావమరిదికి ఇచ్చుకునేవాడు. అందరికీ తెలుసు, వాడు ఆ పని మీద ఏడాదిగా కన్నేసి ఉన్నాడు. ఆడదానికి బరువులెత్తకుండా నిలబడి చేసే అలాంటి మంచి పని మళ్ళీ దొరికేది కాదు.

"మరి సంఘం వాళ్ళకి ఈ ముక్క చెప్పలేదేం?" అన్నాను నేను ఉండబట్టలేక. "చెబితే తేలిపోయేది కదా!"

"అది ఆమె సంగతి బాబూ. నేను బజార్న పెట్టేది కాదు. అందుకే ఆమెనే రమ్మన్నాను."

అత్త చాలా మెల్లగా అడిగింది. "నీ ఆర్డరులో ఏమేం రాయించావు?"

"నారింజ రంగు. పొడుగాటి ఒంటి సీటు. రేడియో వద్దన్నా, కార్పెట్ వద్దన్నా, రబ్బరు చాప చాలన్నా. బరువు తగ్గుతుందని. వుడ్‌వర్డ్ మీద గెలవాలి కదా మరి," అని నవ్వాడు.

ఆ ఆర్డరు రాసిన కాగితం ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. బర్మింగ్‌హామ్‌లో, పళ్ళ డాక్టరు గోడ మీద, అద్దం వెనకాల. అతను ఆరేళ్ళు కూర్చుని కట్టుకున్నది ఎల్బర్ట్ కారు నకలు. లైను మీద ఎల్బర్ట్ కారు వెనకే వచ్చిన ఏదో మామూలు బండిని పట్టుకుని, అత్త మాట మీద అసలుది చేసుకున్నాడు.

తిరిగి వస్తూ నేను సలహా ఇచ్చాను. "ఎల్బర్ట్ కారు అసలుదని మాత్రం చెప్పు. ప్రెంటిస్ ఊసెత్తకు. ఎవరికీ నష్టం ఉండదు."

"కాగితం తప్పని ఎలా చెప్తాను, అసలు కాగితం ఎక్కడికి పోయిందో చెప్పకుండా?" అంది. మళ్ళీ తనే, "ఆ రోజు ఆ పళ్ళ డాక్టరు కాగితం మీద టిక్కు వాలి ఉండడం చూశాను రేమండూ. చూసి కూడా మింగాను. మేడమ్ అన్నాడని," అంది.

శనివారం సంఘం వాళ్ళు చర్చి స్థలంలో డేరా వేసి, మడత బల్ల ముందు ముగ్గురు కూర్చున్నారు. ఎల్బర్ట్ కారుని ఇంకా వరసలోకి రానివ్వలేదు, అది బయట వీధిలో ఉంది. అత్త బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పోంచ్కీలు, మంచు, విరిగిన చెయ్యి, తప్పిన కాగితాలు, గోడ మీద ఫ్రేము, అన్నీ. ఒక్క మాట మింగలేదు. ప్రెంటిస్ అక్కడే ఉన్నాడు. మొదట నవ్వాడు, తర్వాత పాలిపోయాడు, తర్వాత "మేడమ్, పద్దెనిమిదేళ్ళ తర్వాతా?" అన్నాడు. అత్త "అవును, సిగ్గులేనిదాన్ని. క్షమించు," అంది. ఆవిడ నోటి వెంట క్షమించు అనే మాట నేను వినడం అదే మొదలు.

అధ్యక్షుడు క్వాకెన్‌బుష్ అని ఒకడున్నాడు, కళ్ళజోడు, చేతిలో రూల్సు పుస్తకం. వాడన్నాడు: "చెయ్యి విరిగిందన్న దానికి ఆస్పత్రి కాగితం ఉందామ్మా?"

"ఆస్పత్రికి పోతే ఫోర్‌మన్‌కి తెలిసిపోదూ?"

"చూసినవాళ్ళు?"

"నేను," అన్నాడు ఎల్బర్ట్.

"మీరు కారు ఓనరు, మీ మాట లెక్కలోకి రాదు."

"నేనున్నాను," అన్నాను. "మా గుమ్మం ముందే పడింది, చెయ్యి బెణికిందని చెప్పింది."

"మీరు ఆమె మేనల్లుడు. పైగా చెయ్యి బెణికిందనే విన్నానంటున్నారు." క్వాకెన్‌బుష్ పుస్తకం మొదటి పేజీ తీశాడు. "అప్పుడు ఒకటి చెప్పారు, ఇప్పుడు ఇంకోటి చెబుతున్నారు. మీరే నేర్పారు కదమ్మా మాకు, మనిషిని నమ్మొద్దని. ప్రెంటిస్ గారి దగ్గర కాగితం ఉంది. ఈయన కాగితం గోధుమరంగు బండిది. మేం కాగితాన్నే నమ్ముతాం."

వాడి గొంతులో వెటకారం లేదు. అదే ఘోరం. ఆవిడ పద్దెనిమిదేళ్ళు నేర్పిన పాఠం ఆవిడకే అప్పజెప్పాడు, తప్పుల్లేకుండా. ప్రెంటిస్ కారు జాబితాలో ఉండిపోయింది. ఎల్బర్ట్ కారు జాబితాకి ఎక్కకుండా పోయింది. అత్త పేరు కూడా పోయింది. ఇంతవరకూ ఆమె చూసిన కార్లన్నీ మళ్ళీ చూడాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. నేను బల్ల తిరగేద్దామనుకున్నాను. ఎల్బర్ట్ నా భుజం పట్టుకున్నాడు.

బయట వీధిలో అత్త ఎల్బర్ట్ కారు తలుపు తనే తెరుచుకుని ముందు సీట్లో కూలబడింది. ఎల్బర్ట్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను వెనకాల ఎక్కాను.

"నీకేమీ చెయ్యలేకపోయాను ఎల్బర్ట్."

"నా మనవలిద్దరూ డేరా పక్కనే ఉన్నారు. నువ్వు చెప్పిందంతా విన్నారు. ఆ ముగ్గురు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత!"

అత్త రోడ్డు వైపే చూస్తూ అంది: "ఒకటి చెప్తాను, విను. ఆ వారం నా బదులు నీ చెయ్యి విరిగుంటే, నేను ఫోర్‌మన్‌కి చెప్పేదాన్ని. ఆ సాయంత్రమే చెప్పేదాన్ని."

"తెలుసు హెడీ," అన్నాడు ఎల్బర్ట్ తాళం తిప్పుతూ. "నాకు నడుం పట్టేసి వంగలేకపోయేవాణ్ణి. అందుకే పదకొండేళ్ళు ఆ సంగతి నీకు తెలీనివ్వకుండా పనిచేశాను."